హెడ్‌క్వార్టర్ యాదగిరిగుట్టకు పోయింది

మా ఆవిడ పిత్తాశయంలో రాళ్ళున్నాయని, వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలని ఎల్బీ నగర్ డాక్టరు చెప్పినప్పుడు ఆమె నొప్పి గురించి అడగలేదు. "అయితే ఎన్ని రోజులు హాస్టల్ ఇడిసిపెట్టాలె సారూ?" అని అడిగింది. ఆలస్యం చేస్తే అది లోపల వాచి పగిలే ప్రమాదం ఉందని ఆయన మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఆమె బుద్ధిగా తలూపింది. బయటికొచ్చి ఆటో ఎక్కుతూ, "పిల్లల పరీక్షలైనంక సూద్దాం" అంది. దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్ నడిపే మనిషి పరీక్షలయ్యాక అందంటే ఇక ఈ జన్మకు కాదని అర్థం. బ్యాంకు పరీక్ష అయిపోతే గ్రూప్స్, గ్రూప్స్ అయిపోతే పోలీసు, అది వాయిదా పడితే మళ్ళీ మొదటికి. నాకు ఒళ్ళు మండింది. దాని వెనకే భయమూ వేసింది.

మా ఇల్లు అల్మాస్‌గూడలో, మా కాపురం మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో. మెట్రో పిల్లర్ల వెనక సందులో మూడంతస్తుల కిరాయి బిల్డింగు అది. పై అంతస్తులో ఆమెకొక గది ఉంది. నిద్ర కూడా చాలాసార్లు అక్కడే. హాస్టల్ మొత్తం ఆమె ఫోన్ మీదా, ఆమె గొంతు మీదా నడిచేది. నీళ్ళ ట్యాంకరు పిలవాలన్నా, ఈ పూట ఏ కూరో తేలాలన్నా, గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడు నిజంగా ఆ పిల్లకు అన్నేనా అని తెలియాలన్నా ఆమెనే అడగాలి. ఆ చివరి పనిలో ఆమెకొక పద్ధతి ఉండేది. "మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరు బిడ్డా?" అని అడిగేది. నిజమైన అన్న తడుముకోకుండా చెప్తాడు. మిగతావాళ్ళకు ఉన్నట్టుండి ఎక్కడో పని గుర్తొస్తుంది.

ఇక నా సంగతి. వాయుసేనలో పనిచేశానంటే జనం నన్ను విమానంలో ఊహించుకుంటారు. నేనున్నది నేలకింద గదుల్లో. ఆకాశంలో ఎవరు మనవాళ్ళో, ఎవరు కాదో చూసి, ఏ విమానం ఎటు పోవాలో చెప్పే గదిని కమాండ్ పోస్టు అంటారు. ఆ గది మీదే బాంబు పడితే ఎట్లా అని, దూరంగా ఇంకో గది కట్టి పెడతారు. మొదటిది మూగబోతే రెండోది పని అందుకోవాలి. నా సర్వీసులో ఎక్కువ భాగం ఆ రెండో గదిలోనే గడిచింది. పొద్దున్నే ఫోనెత్తి "లైన్ క్లియర్?" అంటాం. అటునుంచి "క్లియర్" అంటారు. "కంట్రోల్ ఇక మీది" అనే ఒక్క మాట కోసం షిఫ్టు షిఫ్టంతా సిద్ధంగా కూర్చుంటాం. ఆ మాట నేను రిటైరయ్యే దాకా రాలేదు. రాకపోవడమే దేశానికి మంచిదని తెలుసు. అయినా మనిషిని కదా, ఒక్కసారి వస్తే బాగుండునని ఉండేది.

ఆ గదిలో మాకు నేర్పింది ఒక్కటే. ఒక్క గది, ఒక్క మనిషి, ఒక్క తీగ మీద యుద్ధం నడిపితే శత్రువుకు సగం పని మనమే చేసిపెట్టినట్టు. అందుకని తీగలు వేర్వేరు దారుల్లో పోవాలి. తీగ తెగితే రేడియో ఉండాలి. రేడియో కూడా పోతే, పెద్దాయన అసలు ఏం కోరుకుంటున్నాడో ముందే తెలిసిన కిందివాళ్ళు ఎవరినీ అడక్కుండా ఆ పని జరిపించాలి. వినడానికి బాగుంటుంది. మా దగ్గర అసలు లైనూ, అది తెగితే ఆదుకోవాల్సిన లైనూ పక్కపక్కనే ఒకే గుంతలో పూడ్చారు. నీళ్ళ పైపు కోసం వచ్చిన జేసీబీ రెండింటినీ ఒకే పట్టున లేపింది. ఆ కథ చెప్పి నేను ఏళ్ళ తరబడి అందరినీ నవ్వించాను. తర్వాత మా ఆవిడకు జాగ్రత్త కోసమని రెండో ఫోన్ కొనిచ్చాను. ఆమె దాన్ని మొదటి ఫోన్ పక్కనే, అదే హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఆ బ్యాగును సరూర్‌నగర్ కూరగాయల మార్కెట్లో మరిచిపోయింది. దొండకాయలమ్మే ఆమె దాచి ఉంచబట్టి బతికిపోయాం.

ఆ సాయంత్రమే తేల్చుకుందామని అడిగాను.

"నువ్వు లేకున్నా హాస్టల్ నడుస్తదని సూపిస్తే, ఆపరేషన్ చేపించుకుంటవా?"

"నడువది."

"నడిస్తే?"

ఆమె చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. "నడిస్తే పోత. నడవకపోతే మాత్రం మళ్ళ నా పానం తినొద్దు" అంది.

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆదివారం పొద్దున డైనింగ్ హాల్లో సమావేశం పెట్టాను. నా సైన్యం ఇద్దరు. ఒకరు వంటామె. మా నల్గొండ పక్క ఊరే, నోరు తెరిస్తే కుక్కర్ విజిల్ కూడా ఆగి వింటుంది. ఇంకొకరు ఒంగోలు దగ్గర్నుంచి వచ్చి, ఏవేవో పరీక్షలు రాస్తూ హాస్టల్లో అందరికంటే పాతకాపు అయిపోయిన పెద్దపిల్ల. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, రాసుకున్నది అక్షరం పొల్లుపోకుండా పాటించే రకం. ఆ గుణం తర్వాత నాకే చుట్టుకుంది. ఆ రోజు మాత్రం ముచ్చటేసింది.

"ఇగ వినుండ్రి. హెడ్‌క్వార్టర్ అంటే అమ్మ. ఇయ్యాల హెడ్‌క్వార్టర్ మీద బాంబు పడ్డది. అమ్మ లేదు. ఇప్పుడు మనం..."

వంటామె గరిటె కింద పెట్టేసింది. "ఏం మాట సారూ గది? ఆపరేషన్ పెట్టుకోని అమ్మ లేదంటవా? థూ, నోరు కడుక్కో. అమ్మ లేదనుకోని నేను వండ."

"నిజంగ కాదు. అనుకోవాలె, అంతే."

"అనుకోను గుడ అనుకోను."

బాంబు వద్దని విమాన దాడి అన్నాను. వద్దంది. శత్రువు ఫోన్లు జామ్ చేశాడన్నాను. "ఎవడాడు?" అంది. చివరికి మా ఆవిడే కలగజేసుకుని, "యాదగిరిగుట్టకు పోయిందనుకోండ్రి. దర్శనంకాడ ఫోన్ లోపటికి తీస్కపోనియ్యరు గద" అంది. వంటామె ముఖం విప్పారింది. అందరికీ నచ్చింది. అట్లా ప్రపంచ సైనిక చరిత్రలో మొదటిసారిగా శత్రువు దాడిలో ధ్వంసమైన కమాండ్ పోస్టు లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి వెళ్ళింది.

మొదటి కసరత్తు పొయ్యి వెలిగించిన కాసేపటికే పాడైంది. ఫోన్ ఆపేసి మా ఆవిడ పై గదిలో కూర్చోవాలి. కిందివాళ్ళు ఆమెను ఏమీ అడగకూడదు. బాగానే కూర్చుంది. వంటామె పోపు వేయగానే మాత్రం పైనుంచి కేక వచ్చింది: "ఇంగువ ఎయ్యలే!"

నేను మెట్ల దగ్గరికి పోయి అరిచాను. "నువ్వు గుట్టమీద ఉన్నవ్. నీకు వాసన ఎట్లొస్తది?"

"గుట్టమీదికి గుడ వస్తున్నది!"

నాకు పాత సంగతి గుర్తొచ్చి కోపం నవ్వులోకి దిగింది. సర్వీసులో ఒకసారి ఇట్లాంటి కసరత్తులోనే ఒక పెద్ద అధికారిని "సార్, మీరు చనిపోయారు" అని చెప్పి బయటికి పంపారు. ఆయన కిటికీ బయట నిలబడి, లోపల మేం తప్పు చేసినప్పుడల్లా దగ్గాడు. ఆ దగ్గుల్ని బట్టి మేం ఆ యుద్ధం గెలిచాం. పై అధికారులు వచ్చి మా స్వతంత్ర నిర్ణయశక్తిని ఎంతో మెచ్చుకున్నారు.

రెండో ఆదివారం మా ఆవిడ గది తలుపు, కిటికీ మూయించాను. హెడ్‌క్వార్టర్ ఉద్దేశం ఏమిటో కిందివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పాను: ఏ పిల్లా ఆకలితో ఉండొద్దు. ఆ ఒక్కటీ మనసులో పెట్టుకుని ఎవరికి తోచింది వాళ్ళు చేయండి, ఎవరినీ అడగొద్దు అన్నాను. నేనే కావాలని పొద్దున్నే గ్యాసు సిలిండరు తీయించి దాచాను. వంటామె పొయ్యి చూసింది, నోరు మూసుకుని బయటికి పోయింది. పెద్దపిల్ల పొయ్యి చూసింది, ఫోన్ తీసింది. ఇద్దరూ ఏమీ చేయట్లేదేమోనన్న కంగారులో నేనూ సందు చివరి టిఫిన్ బండి దగ్గరికి పోయాను. కాసేపటికి మూడు వైపుల నుంచి, ఒక్కొక్కరు తెప్పించినవే హాస్టల్ మొత్తానికీ సరిపోయేలా, ఇడ్లీలు వచ్చాయి. మెట్ల మీద ఇడ్లీలు, టేబుల్ మీద ఇడ్లీలు, బకెట్లో చట్నీ. పిల్లలు తిన్నారు, మధ్యాహ్నమూ తిన్నారు. మెట్రో స్టేషన్ కింద ఆటోవాళ్ళకు పంచాం. "ఏం మొక్కు అన్నా ఇది?" అని ఒకాయన అడిగితే ఏం చెప్పాలో తెలియక చేతిలో ఉన్న ఇడ్లీ పొట్లాన్ని కళ్ళకద్దుకున్నాను.

ఆకలితో మాత్రం ఎవరూ లేరు. నా దృష్టిలో అది గెలుపే. లోపం ఒక్కటే, ఎవరు ఏం చేశారో మిగతావాళ్ళకు తెలియలేదు. దానికో విరుగుడు కనిపెట్టాను. డైనింగ్ హాల్లో ఒక స్టీలు పళ్ళెం వేలాడదీశాను. ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నా దాని మీద గరిటెతో గట్టిగా కొట్టి, చేసిన పని అరిచి చెప్పాలి. ఫోన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఆ వారమంతా మామూలు రోజుల్లో కూడా ఆ పళ్ళెం మోగుతూనే ఉంది. ట్యాంకరు దానంతటదే వచ్చింది. గీజరు బాగైంది. మా ఆవిడ ఫోన్ గంటల తరబడి మోగకుండా పడి ఉంది.

నేను గర్వంగా ఆమె దగ్గరికి పోయాను. ఆమె మంచం మీద కూర్చుని ఫోన్ వంకే చూస్తోంది.

"నడుస్తున్నది గద! ఇగ ఆపరేషన్‌కు తేదీ తీస్కుందామా?"

"నడుస్తున్నది" అంది నీరసంగా. "నడవకపోతే పరేషాన్ అనుకున్న. నడిస్తే ఇంకింత పరేషానుంది" అంది.

ఆమె భయమేమిటో నాకు అప్పుడు అర్థమైంది. కత్తికి కాదు ఆమె భయపడేది. తిరిగొచ్చేసరికి తన అవసరం లేకుండా పోతుందేమోనని. రెండో గదిలో అన్నేళ్ళు కూర్చున్నవాణ్ని, అవసరం లేకుండా ఉండటం ఎట్లా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. "ఇంకొక్క కసరత్తు అయినంక మాట్లాడుదాం" అన్నాను.

మూడోది గేటు కసరత్తు. శత్రువు తీగలు కోయడమే కాదు, దొంగ కబుర్లు కూడా పంపుతాడని పెద్దపిల్లకు పాఠం చెప్పాను. "హెడ్‌క్వార్టర్ అనుమతి లేకుంటె ఏ మొగోణ్ని లోపటికి రానియ్యొద్దు. వాడు నాటకాలు జేస్తడు. 'లోపల మీ ఆంటీకి బాగలేదు, జల్ది తలుపు తియ్' అంటడు. అస్సలు నమ్మొద్దు." ఆ పిల్ల అంతా రాసుకుంది.

ఆదివారం పొద్దున హెడ్‌క్వార్టర్ యాదగిరిగుట్టకు పోయింది, అంటే పై గదిలోకి. నేను పాలప్యాకెట్లకని బయటికి పోయి వచ్చేసరికి గేటుకు గొళ్ళెం.

"తియ్యి బిడ్డా."

"ఆంటీ పర్మిషన్ ఉందా అంకుల్?"

"ఆంటీ గుట్టకు పోయింది గద."

"అయితే కుదరదంకుల్. మగవాళ్ళని రానివ్వొద్దని మీరే చెప్పారుగా."

నేనెవరో చెప్పాను. హాస్టల్ ఓనరు మొగుణ్నని చెప్పాను. "అందరూ అలాగే చెప్తారంకుల్" అంది. మా ఆవిడ పద్ధతి కూడా ఎక్కడ నేర్చిందో, "మీ అమ్మగారి పుట్టిల్లు ఏ ఊరు?" అని అడిగింది. కోపంలో నాకు మా అమ్మ ఊరు నోటికి రాలేదు. అంతే, నేను శత్రువునని తేలిపోయింది. చేసేదేం లేక పాలప్యాకెట్లు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చాయ్ బండి దగ్గర కూర్చున్నాను. తలెత్తి చూస్తే పై కిటికీ తెరిచి ఉంది. మా ఆవిడ చువ్వలు పట్టుకుని నవ్వుతోంది. చాలా రోజుల తర్వాత అట్లా, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నాకూ నవ్వొచ్చింది.

ఉన్నట్టుండి ఆమె నవ్వు ఆగింది. కుడివైపు డొక్కలో చెయ్యి పెట్టుకుంది. నోరు తెరిచింది కానీ మాట రాలేదు. చువ్వలు వదిలేసి కిటికీ వెనక గదిలోకి కుప్పకూలిపోయింది.

పాలు ఎక్కడ పడ్డాయో తెలియదు. గేటు పట్టుకుని ఊపేశాను. "తియ్యి! ఆంటీకి బాగలేదు! జల్ది తియ్యి!"

పెద్దపిల్ల నా వంక మెచ్చుకోలుగా చూసింది. "భలే యాక్ట్ చేస్తున్నారంకుల్. అచ్చం మీరు చెప్పిన డైలాగే."

"డైలాగ్ కాదమ్మా! నీ కాల్మొక్కుత, నిజం!"

"ఇది కూడా అంటారని చెప్పారుగా."

చెప్పలేదు. ఇది మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల నా ముందే రాసుకున్న కాగితం తిరగేస్తోంది. నేను గేటు ఎక్కబోయాను. ఈ వయసులో కాలు పైకి లేస్తే కదా. వీధిలో ఆడవాళ్ళు లేడీస్ హాస్టల్ గేటు ఎక్కుతున్న ముసలాయన్ని చూసి కేకలు వేశారు. నేను తయారుచేసిన రక్షణ వ్యవస్థ నా ఒక్కడి మీదే ఇంత గొప్పగా పనిచేస్తుందని అనుకోలేదు. ఏడుపొచ్చేసింది. సిగ్గు లేకుండా రోడ్డు మీద ఏడ్చాను.

అప్పుడు లోపల పళ్ళెం మోగింది. ఎవరో దాన్ని పగలగొడుతున్నారా అన్నట్టు మోగింది. ఆ వెనకే వంటామె గొంతు, సందంతా వినపడేలా: "అమ్మను దవాఖానకు తీస్కపోతున్న! ఆటో పిలువుండ్రి!" గుట్టమీద ఉన్న అమ్మకు చాయ్ ఇద్దామని పైకి పోయిన వంటామె ఆమెను చూసి, ఎవరినీ అడగకుండా భుజం మీద వేసుకుని దించేసింది. పెద్దపిల్ల ముఖంలో రక్తం లేదు. కాగితం పారేసి గేటు బార్లా తీసింది. నా కోసం కాదు, ఆటో కోసం. నేను డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాను. ఎవరూ పర్మిషన్ అడగలేదు.

చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీ నగర్. మెట్రో పిల్లర్లు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే మా ఆవిడ వెనక సీట్లో మూలుగుతూనే వంటామెను అడుగుతోంది, పొయ్యి బంద్ చేసినవా అని. డాక్టరు చూసి, ఇక ఆగేది లేదన్నాడు. మధ్యాహ్నానికి ఆకుపచ్చ గౌను తొడిగి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. వంటామెను రాత్రి వంట కోసం వెనక్కి పంపించాను.

తలుపుల దగ్గర మా ఆవిడ స్ట్రెచర్ ఆపించింది. దుప్పటి కిందినుంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. అది వేడిగా ఉంది. "ఇగ నువ్వే సూస్కో" అంది.

అంతే. నేలకింద గదిలో అన్నేళ్ళు ఎదురుచూసిన మాట ఎల్బీ నగర్ దవాఖాన కారిడార్లో, ఫినాయిల్ వాసన మధ్య వచ్చింది. ఆ మాట ఎప్పుడైనా వస్తే ఛాతీ ఉబ్బుతుందనుకునేవాణ్ని. తలుపులు మూసుకున్నాయి. ఫోన్ చొక్కా జేబులో వేసుకుని బెంచీ మీద కూలబడ్డాను.

సాయంత్రమవుతుంటే నా ఫోన్ మోగింది. వంటామె.

"సారూ, రాత్రికి ఏం కూర?"

"నీ ఇష్టం. కూర నీకే ఇడిసిపెట్టిన గద. ఎవరినీ అడుగొద్దన్న గద."

"అన్నవు సారూ. గని ఎవరన్న ఒకలు చెప్తే వండబుద్ధయితది. జర చెప్పు."

"ఉండు, అడిగి చెప్త" అని పెట్టేసి, అలవాటుగా మా ఆవిడకు ఫోన్ కలిపాను.

నా జేబులో మోగింది. కారిడార్లో అందరూ నా వైపు చూశారు. తీసి చూస్తే నా పేరే వెలుగుతోంది. ఎత్తకపోతే ఏమవుతుందోనన్నట్టు ఎత్తాను. ఒక చెవి దగ్గర ఒక ఫోను, ఇంకో చెవి దగ్గర ఇంకోటి. "హలో" అన్నాను. "హలో" అని నేనే వినపడ్డాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి జరిగి కూర్చున్నాడు. లైను శుభ్రంగా ఉంది. అటువైపే ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ హెడ్‌క్వార్టర్ లేకపోవడం అంటే ఏమిటో నేను పిల్లలకు పాఠాలు చెప్పాను. నాకు తెలిసింది అప్పుడే.

రెండూ పెట్టేసి, వంటామెకు ఫోన్ చేసి, గొంతు సవరించుకుని నా సర్వీసు మొత్తంలో మొట్టమొదటి ఆజ్ఞ జారీ చేశాను. "దొండకాయ వండు."

"సరే సారూ" అంది. వెనక పళ్ళెం మోగింది.

చీకటి పడే వేళకు మా ఆవిడను వార్డులోకి తెచ్చారు. అంతా బాగానే జరిగిందని డాక్టరు చెప్పాడు. చాలాసేపటికి ఆమె కళ్ళు సగం తెరిచింది. పెదాలు ఎండిపోయాయి. నేను చెవి దగ్గర పెట్టాను.

"హాస్టల్ ఆగిందా?"

"ఆగలే. మంచిగ నడుస్తున్నది."

ఆమె ముఖం అటు తిప్పుకుంది. నోరు జారినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. గోడ వంక చూస్తూనే ఆమె అడిగింది.

"ఏం కూర?"

"దొండకాయ."

మెల్లగా తల ఇటు తిప్పింది. మత్తులో కూడా ఆ కళ్ళలోకి పాత కోపం వచ్చింది. "నిన్న గుడ దొండకాయనే గదయ్యా."

"నాకు యాది లేదు."

"యాది లేదంట. రెండు దినాలు ఒక్కటే కూర ఏస్తే పిల్లలు తింటరా? పావుగంట సూస్కోమంటే గిదీ నీ నిర్వాకం." ఆ తిట్టు ఆమె ముఖానికి రంగు తెచ్చింది. సూదులు గుచ్చిన చెయ్యి దుప్పటి మీదికి జాపి, అరచెయ్యి తెరిచింది. "ఇటియ్యి ఫోను."

జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను. పెట్టేటప్పుడు ఆ పాత మాట దానంతటదే నా నోట్లోంచి వచ్చింది.

"కంట్రోల్ ఇక మీది."

"ఏంది?"

"ఏం లేదు. వంటామెకు ఫోన్ చెయ్యి."